రారోటోంగాలో సాయంత్రాలు: వారం, వేళ, దిక్కు చూసుకుని గడిపే పద్ధతి

దక్షిణ పసిఫిక్‌లో చెదురుమదురుగా ఉన్న కుక్ దీవుల్లో అన్నిటికన్నా పెద్దది రారోటోంగా. పెద్దది అన్నా విస్తీర్ణం 67 చదరపు కిలోమీటర్లే. దీవి చుట్టూ తిరిగే రోడ్డు 32 కిలోమీటర్లు. జనాభా సుమారు పదకొండు వేలు. కొబ్బరిచెట్టును మించి ఎత్తయిన భవనం కట్టకూడదని అక్కడివాళ్ళ పట్టుదల. ఇంత చిన్న చోట రాత్రిపూట చూడటానికి, తినడానికి ఏముంటుందని చాలామంది అడుగుతారు. చాలా ఉంది. అయితే అది సాయంత్రం అయిదారింటికి మొదలై, ఎక్కువ రోజులు తొమ్మిదింటికే ముగుస్తుంది. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటుందన్నదీ ముందే స్థిరపడి ఉంటుంది. నగరంలోలాగా ఎప్పుడు బయటికి వెళ్ళినా ఏదో ఒకటి తెరిచే ఉంటుందని నమ్ముకుంటే చీకటి రోడ్డు, మూసిన తలుపులు ఎదురవుతాయి.

అందుకే ఈ దీవికి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: వారం, వేళ, దిక్కు చూసుకోండి. మన పెద్దవాళ్ళు ప్రయాణానికి ముందు చూసుకునేవే ఈ మూడూ. అవి కుదిరితే వారం రోజుల సెలవులో ఒక్క సాయంత్రం కూడా వృథా కాదు.

ముందు రోజు లెక్క సరిచూసుకోండి

న్యూజిలాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రారోటోంగా దగ్గరి దీవి. ఆక్లాండ్ నుంచి విమానంలో నాలుగు గంటల లోపే. అక్కడ చెల్లేదీ న్యూజిలాండ్ డాలరే. కానీ మధ్యలో అంతర్జాతీయ దినరేఖ ఉంది. రారోటోంగా గడియారం న్యూజిలాండ్ కన్నా 22 గంటలు వెనక ఉంటుంది. న్యూజిలాండ్‌లో వేసవి వేళలు అమల్లో ఉన్నప్పుడు 23 గంటలు. ఆక్లాండ్‌లో శనివారం ఉదయం విమానం ఎక్కితే రారోటోంగాలో శుక్రవారం మధ్యాహ్నం దిగుతారు. శుక్రవారం రాత్రి మీకు రెండోసారి వస్తుందన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు ఒక రోజు మాయమవుతుంది.

ఇది వినడానికి సరదాగా ఉంటుంది గానీ గది మాట్లాడుకునేటప్పుడు పొరపాటు జరిగేది ఇక్కడే. మాకు తెలిసిన ఒక కుటుంబం శనివారం బయలుదేరుతున్నాం కదా అని శనివారం నుంచే బస ఖాయం చేసుకుంది. దిగేసరికి అక్కడ శుక్రవారం. పిల్లలతో, పెట్టెలతో ఆ రాత్రికి చోటు వెతుక్కోవలసి వచ్చింది. విందుకు, నృత్య ప్రదర్శనకు ముందుగా డబ్బు కట్టేటప్పుడు కూడా తేదీతోపాటు వారం పేరు చూడండి. ఈ తికమక కొత్తది కాదు. మిషనరీలు పడమటి వైపు నుంచి తమ వెంట తెచ్చుకున్న తేదీనే కుక్ దీవులు చాలాకాలం పాటించాయి. 1899లో దాన్ని సరిదిద్దినప్పుడు ఆ ఏడాది అక్కడ క్రిస్మస్ రెండు రోజులు వచ్చింది.

ఇంటికి ఫోను చేయాలనుకునేవాళ్ళకు ఒక మాట. రారోటోంగా మన దేశం కన్నా పదిహేనున్నర గంటలు వెనక. అక్కడ బుధవారం సాయంత్రం ఆరయితే హైదరాబాదులో, విజయవాడలో గురువారం ఉదయం తొమ్మిదిన్నర. సూర్యాస్తమయం చూస్తూ ఇంట్లోవాళ్ళతో మాట్లాడవచ్చు.

వారం కట్టుకోవడం

దీవిలో సాయంత్రాలకు ఒక వరస ఉంది. ఆది, మంగళ, బుధ, గురువారాల్లో మూరి ఊళ్ళో రాత్రి సంత. శుక్రవారం రాత్రి సందడంతా అవారువా పట్టణంలో. శనివారం ఉదయం పట్టణంలోనే పునాంగా నుయి అనే పెద్ద సంత. ఆ రాత్రి బార్లు సరిగ్గా పన్నెండింటికి మూసేస్తారు. ఆదివారం పగలు దీవి దాదాపుగా నిద్రపోతుంది. విందు, నృత్యం కలిసిన ఐలండ్ నైట్ కార్యక్రమాలు ఒక్కో చోట ఒక్కో రోజు ఉంటాయి కాబట్టి మిగతావన్నీ వేసుకున్నాక ఖాళీగా మిగిలిన రోజున దాన్ని పెట్టుకోండి. సోమవారానికి చాలా బాగా సరిపోతుంది. రోజులు కాలాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ మారుతుంటాయి, కాబట్టి దిగిన రోజే బస చూసుకునేవాళ్ళను అడిగి ఒక కాగితం మీద రాసుకోండి.

కొత్తవాళ్ళు మొదటి రాత్రే ఖరీదైన విందుకు వెళ్ళిపోతారు. నా మాట వింటే అది మూడో రాత్రికో నాలుగో రాత్రికో ఉంచండి. ముందు సంతలో రెండు పూటలు తిని, చేమాకును, సీమపనసను, కొబ్బరిపాల రుచిని నాలుకకు అలవాటు చేసుకుంటే విందులో ఏది తినాలో, ఏది వదలాలో మీకే తెలుస్తుంది.

సూర్యుణ్ణి ఎటు చూడాలి

ఎక్కువమంది బస చేసేది మూరిలో. అది దీవికి ఆగ్నేయాన ఉంది. పగడపు దిబ్బకూ ఒడ్డుకూ మధ్య లోతు తక్కువ నీరు నిలిచే ఉంటుంది. దాన్నే లగూన్ అంటారు. మూరి దగ్గర ఆ లగూన్ మహా అందంగా, నాలుగు బుల్లి లంకలతో ఉంటుంది. కానీ అక్కడ సూర్యాస్తమయం కనిపించదు. కొండ అడ్డు. సాయంత్రం కెమెరా పట్టుకుని మూరి ఇసుకలో నిలబడి, వెనకాల కొండ మీద వెలుగు ఆరిపోవడం చూసి నిరాశపడేవాళ్ళు ఉంటారు.

సూర్యాస్తమయానికి పడమటి ఒడ్డున ఉన్న అరోరాంగి వెళ్ళండి. జూన్, జులై నెలల్లో సాయంత్రం ఆరింటికి, డిసెంబరులో ఏడుంబావు దాటాక పొద్దు గుంకుతుంది. అంతకు ముప్పావుగంట ముందు చేరుకోవాలి. అరోవా తీరంలో ఇసుకలోనే బల్లలు వేసి వడ్డించే చోట్లు ఉన్నాయి. కాళ్ళకు చెప్పులు లేకుండా కూర్చోవచ్చు. ఇంకా ఉత్తరానికి, విమానాశ్రయం దగ్గరలో, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నల్లరాయి ఉంది. దాని పేరు టువోరో. చనిపోయినవారి ఆత్మలు తమ పూర్వీకుల లోకమైన అవైకికి బయలుదేరేది ఆ రాతి మీద నుంచేనని దీవివాసుల నమ్మకం. అక్కడ సూర్యాస్తమయం చూడవచ్చు. గోల చేయకండి, సీసాలు పారేయకండి.

మూరికి దక్కింది చంద్రోదయం. పౌర్ణమినాడు పొద్దు గుంకే వేళకే లంకల వెనక నుంచి చంద్రుడు లేస్తాడు. సెలవు తేదీలు మీ చేతిలో ఉంటే పౌర్ణమి కలిసేలా చూసుకోండి.

మూరి రాత్రి సంతలో తినడం

దీవిలో నాకు బాగా నచ్చిన సాయంత్రం ఇదే. ఖర్చు తక్కువ, రుచి ఎక్కువ, పిల్లలు పరిగెత్తడానికి చోటూ ఉంటుంది. అయిదింటికి మొదలవుతుంది. ఏడింటికి మంచి వంటకాలు అయిపోవడం మొదలవుతుంది కాబట్టి అయిదున్నరకల్లా ఉండాలి.

వెంట తీసుకెళ్ళవలసినవి: నగదు, చిన్న టార్చి, దోమల మందు, ఇంటి నుంచి ఒక డబ్బా, రెండు చెంచాలు. అన్ని కొట్లలోనూ కార్డు తీసుకోరు. చిల్లరగా కుక్ దీవుల సొంత నాణేలు, నోట్లు వస్తాయి. రెండు డాలర్ల నాణెం మూడు మూలలతో ఉంటుంది. మూడు డాలర్ల నోటు కూడా ఉంది, దాని మీద సొరచేప మీద ప్రయాణించే ఇనా అనే పురాణ కన్య బొమ్మ. ఇవి దీవులు దాటితే చెల్లవు. దాచుకోవడానికి ఒకటి రెండు ఉంచుకుని మిగతావి అక్కడే ఖర్చు చేయండి. బేరం ఆడకండి. అక్కడ ఆ అలవాటు లేదు, ఆడితే అమ్మే ఆమెను నొప్పించినట్టవుతుంది. బక్షీసు ఇవ్వాలన్న ఆచారమూ లేదు.

వెళ్ళగానే కొనేయకుండా సంతంతా ఒక చుట్టు తిరగండి. తర్వాత ఇంటిల్లిపాదీ తలా ఒక కొట్టు దగ్గర నిలబడి, తెచ్చినవన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకోండి. ఒక్కరే పెద్ద పళ్ళెం తీసుకుంటే అన్నం, మాంసం, బంగాళాదుంపలతోనే కడుపు నిండిపోతుంది.

చేప తినేవాళ్ళు తప్పక రుచి చూడవలసింది ఇకా మాటా. పచ్చి చేప అనగానే ముఖం తిప్పుకోకండి. తాజా ట్యూనాను వేలి కొనంత ముక్కలుగా కోసి నిమ్మరసంలో ఊరనిస్తారు. ఎర్రటి ముక్క అంచులు పులుపుకు తెల్లబడి, లోపల లేత గులాబీరంగు మిగులుతుంది. అప్పుడు నిమ్మరసం వంపేసి, తురిమిన కొబ్బరి నుంచి అప్పుడే పిండిన చిక్కటి పాలు పోస్తారు. ఉల్లి, టమాటా, దోసకాయ, కొద్దిగా పచ్చిమిర్చి కలుపుతారు. చల్లగా తినాలి. నీచువాసన రాదు, ముందు కొబ్బరి తీపి, వెనక నిమ్మ పులుపు, చివరన మిర్చి. మన నాలుకకు కారం చాలదనిపిస్తే అదనంగా పచ్చిమిర్చి అడగండి, సంతోషంగా కోసిస్తారు.

చేప విషయంలో ఒక జాగ్రత్త. పగడపు దిబ్బల దగ్గర తిరిగే కొన్ని చేపల్లో సిగువాటెరా అనే విషం చేరుతుంది. ఉడికించినా పోదు, నిమ్మరసంలో ఊరబెట్టినా పోదు. అందువల్ల నడిసముద్రంలో పట్టిన ట్యూనా, మాహీ మాహీ, వాహూ ఇవేనా అని అడిగి తీసుకోండి. అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. వాళ్ళూ అలాగే అడిగి తింటారు.

మాంసం ముట్టనివాళ్ళకు

శాకాహారులు ఈ దీవిలో పస్తులుండాలనే భయం అక్కర్లేదు. మా అమ్మ నాలుగు రోజులు హాయిగా తింది. మొదటి రాత్రి ఆమె ముందు ఆకుపచ్చటి ముద్ద ఒకటి పెట్టారు. పేరు రుకావు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నములుతూ ఆలోచించి, "ఇది మన చేమాకే కదరా" అంది. నిజంగానే చేమాకు. కొబ్బరిపాలలో మెత్తగా, గొంతు దురద పెట్టనంతగా చాలాసేపు ఉడికిస్తారు. ఆవపెట్టి వండే కూరకూ దీనికీ పోలిక లేదు గానీ, ఆకు మాత్రం అదే ఆకు.

పేర్లు గుర్తుపెట్టుకుంటే అడగడం తేలిక. టారో అంటే చేమదుంప. కుమారా అంటే చిలగడదుంప. మానియోటా కర్రపెండలం. కురు అంటే సీమపనస. నిప్పుల మీద కాల్చినదైతే వదలకండి. నూ అని రాసి ఉంటే లేత కొబ్బరిబొండం. పోకే అనేది తీపి: మగ్గిన అరటిపండునో గుమ్మడికాయనో మెదిపి, పిండి కలిపి ఓవెన్‌లో కాల్చి, ముక్కలు కోసి కొబ్బరిపాలలో వేస్తారు. చెంచాతో తాకితే జున్నుముక్కలా కదులుతుంది. మైనేసే అనే గులాబీరంగు బంగాళాదుంపల కలగూరలో బీట్‌రూట్‌తోపాటు గుడ్డు ఉంటుంది, చూసుకోండి.

రుకావులో కొందరు డబ్బా మాంసం కలుపుతారు. చూడగానే తెలియదు. "ఇందులో మాంసం ఉందా" అని ప్రతిచోటా అడగాలి. విందుల్లో మరో సంగతి: దుంపలు, ఆకుకూర, మాంసం అన్నీ ఒకే గోతిలో పక్కపక్కన ఉడుకుతాయి. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు రెండు రోజుల ముందే చెబితే విడిగా వండిపెడతారు. నిష్ఠగా ఉండేవాళ్ళకు శనివారం ఉదయం పునాంగా నుయి సంతే ఆధారం: బొప్పాయి, అరటి, కొబ్బరి, చేమాకు కట్టలు, నిమ్మకాయలు కొనుక్కుని, వంటగది ఉన్న బసలో వండుకోవచ్చు. బియ్యం, పప్పు పట్టణంలోని దుకాణాల్లో దొరుకుతాయి. పోపు సామాను మాత్రం వెంట తెచ్చుకోవడమే మంచిది; విమానాశ్రయంలో తిండి సామాను తనిఖీ చేసే బయో సెక్యూరిటీ వాళ్ళకు అన్నీ ముందే చూపించండి, ఏది దాచినా జరిమానా తప్పదు.

ఐలండ్ నైట్: ఉము, డప్పులు, నాట్యం

దీవిలో డబ్బు ఎక్కువ ఖర్చయ్యే రాత్రి ఇదే. విందు, ప్రదర్శన కలిపి పెద్దవాళ్ళకు వంద న్యూజిలాండ్ డాలర్లు దాటుతుంది. ఒక్కసారే వెళ్ళండి, కానీ మంచి చోటికి వెళ్ళండి. మూరిలో టె వారా నుయి అనే చోట వేదికలు నీటి మీద ఉంటాయి. తోట, జలపాతం మధ్య కూర్చుని భోంచేస్తూ చూస్తారు. అరోరాంగి పైన కొండ మీద హైలాండ్ పారడైజ్ ఉంది. పూర్వం టినోమానా తెగవాళ్ళు నివసించిన చోటు. అక్కడ వాళ్ళ పాత పూజాస్థలాలను, అంటే మరాయ్‌లను చూపిస్తూ కథ చెప్పి, తర్వాత విందు పెడతారు. పిల్లలు ఉంటే మొదటిది, చరిత్ర మీద ఆసక్తి ఉంటే రెండోది. హోటళ్ళలో జరిగేవి కొంచెం చౌక. అవి కూడా బాగుంటాయి, ఎందుకంటే నాట్యం చేసేవాళ్ళు ఎక్కడైనా ఈ దీవి పిల్లలే.

తొందరగా వెళ్ళండి. ఉము తెరవడం చూడాలి. ఉము అంటే నేలలో తవ్విన పొయ్యి. కట్టెల మంట మీద నల్లటి అగ్నిశిలలను కాల్చి, అవి నిప్పుల్లా అయ్యాక వాటి మీద అరటి ఆకుల్లో చుట్టిన మాంసం, చేప, దుంపలు పేర్చి, పైన ఇంకా ఆకులు, గోనెలు, మట్టి కప్పేస్తారు. మూడు గంటలు అలా వదిలేస్తారు. తెరిచేటప్పుడు మొదట మట్టి తీస్తారు, తర్వాత ఆకులు ఒక్కొక్కటే. పచ్చగా పరిచిన అరటి ఆకులు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. వాటి కింద నుంచి ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది. తడిమట్టి, కాలిన ఆకు, కొబ్బరి కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలాక భోజనం బల్ల దాకా ఓపిక పట్టడం కష్టం.

నాట్యం గురించి ముందే రెండు ముక్కలు తెలిస్తే చూడటం వేరుగా ఉంటుంది. డప్పులతో సాగే వేగమైన నాట్యం ఉరా పావు. చేతులతో పాట అర్థం చెప్పే నెమ్మదైన నాట్యం కాపా రిమా. మన అభినయం తెలిసినవాళ్ళకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. అల, పువ్వు, పడవ, ప్రేమ, ఎదురుచూపు అన్నీ వేళ్ళలోనే ఉంటాయి. లోపల తొలిచిన కొయ్యను కర్రలతో కొడితే ఖంగుమని మోగేది పాటే అనే వాద్యం. తోలు బిగించిన పెద్ద డప్పు పావు. నాట్యగత్తెలు కట్టుకునే గడ్డిలాంటి పావడా గడ్డి కాదు. అడవి మందార జాతి చెట్టు బెరడును నానబెట్టి, చీల్చి, ఆరబెట్టి చేసిన నార. స్త్రీలు నడుముతో, పురుషులు మోకాళ్ళతో ఆడతారు. స్త్రీల భుజాలు చూడండి: కింద నడుము అంత వేగంగా తిరుగుతున్నా భుజాలు నీటి మీద పళ్ళెంలా నిలకడగా ఉంటాయి. అక్కడే ఆ విద్య ఉంది. నిప్పుకోలలు తిప్పే ఆట మాత్రం సమోవా నుంచి వచ్చింది. ప్రేక్షకులు దానికే ఎక్కువ చప్పట్లు కొడతారు, కానీ దీవి సొంత విద్య డప్పుల్లోనూ నడుముల్లోనూ ఉంది.

చివర ప్రేక్షకులను వేదిక మీదికి పిలుస్తారు. చేయి పట్టుకుని పిలిస్తే వెళ్ళండి. కాదనడం మర్యాద కాదు. పురుషులు మడమలు దగ్గర పెట్టి, మోకాళ్ళు కొద్దిగా వంచి, కత్తెరలా తెరుస్తూ మూస్తూ ఉంటే చాలు. స్త్రీలు పాదాలు నేలకు ఆనించి, మోకాళ్ళు వంచి, నడుమును మాత్రం పక్కలకు కదపాలి. మెడలో వేసే పూలదండ పేరు ఏయి. తల మీద పెట్టేది ఏయి కాటు. ప్రదర్శన అయ్యాక దాన్ని ఎక్కడో పారేయకండి. బసకు తెచ్చి, నీళ్ళు చిలకరించి చల్లటి చోట ఉంచితే మర్నాడు కూడా వాడకుండా ఉంటుంది.

ఇక్కడ పలకరింపు మాట కియా ఒరానా. దాని అర్థం "మీరు చిరకాలం జీవించాలి" అని. కాళ్ళకు మొక్కితే పెద్దవాళ్ళు ఇచ్చే దీవెన అక్కడ ఎదురైన ప్రతివాళ్ళకూ దొరుకుతుంది. కృతజ్ఞత చెప్పడానికి మేయ్‌టకి మాటా. ఈ రెండూ నేర్చుకుని వెళ్ళండి.

ఏటా జులై చివర, ఆగస్టు మొదట్లో వెళ్ళేవాళ్ళు అదృష్టవంతులు. 1965 ఆగస్టు 4న కుక్ దీవులు స్వపరిపాలనలోకి వచ్చాయి. దానికి గుర్తుగా జరిగే టె మాయెవా నుయి ఉత్సవంలో ఒక్కో దీవి, ఒక్కో ఊరు తమ బృందాలతో పట్టణానికి వచ్చి పాటల్లో, నాట్యాల్లో పోటీ పడతాయి. పర్యాటకుల కోసం చేసేది కాదది, తమ కోసం తాము చేసుకునేది. ఆ రోజుల్లో వెళ్తే హోటల్ ప్రదర్శన మానుకుని నేరుగా అక్కడికే వెళ్ళండి.

శుక్రవారం రాత్రి పట్టణం

అవారువా వారమంతా నిశ్శబ్దంగా ఉండి శుక్రవారం రాత్రి మేలుకుంటుంది. స్థానికులు వారం పని ముగించుకుని వస్తారు కాబట్టి, వాళ్ళతో కలిసి పాట వినడానికి ఇదే సమయం. ఓడరేవు అంచున ట్రేడర్ జాక్స్ లాంటి చోట సాయంత్రమే కూర్చుని, పడవలు చూస్తూ భోంచేసి, తర్వాత సంగీతం ఉన్న చోటికి వెళ్ళవచ్చు. ఉకులేలే, గిటార్ పట్టుకున్న ఇద్దరు ముగ్గురు పాడుతుంటే పక్క బల్లవాళ్ళు గొంతు కలుపుతారు. మద్యం తీసుకునేవాళ్ళకు దీవిలోనే కాచే మటుటు బీరు దొరుకుతుంది. తీసుకోనివాళ్ళు కొబ్బరిబొండంతో కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. ఒకే బస్సులో గుంపుగా ఎక్కించుకుని నాలుగైదు బార్లు తిప్పి, చివరకు బస దగ్గర దింపే యాత్రలు శుక్రవారం ఉంటాయి. ఒంటరిగా వచ్చినవాళ్ళకు, స్నేహితుల బృందాలకు అది బాగు. పెద్దవాళ్ళతో, పిల్లలతో వచ్చినవాళ్ళకు కాదు.

ఇంకో రకం రాత్రి కూడా ఉంది. ఆహ్వానితులను బస్సులో ఎక్కించుకుని మూడు స్థానిక కుటుంబాల ఇళ్ళకు తీసుకెళ్తారు: ఒక ఇంట్లో మొదటి వంటకం, మరో ఇంట్లో భోజనం, మూడో ఇంట్లో తీపి. వాళ్ళ తోట చూపిస్తారు, పాట పాడతారు. ఇళ్ళ ముంగిట పూర్వీకుల సమాధులు ఉంటాయి. అక్కడ అది మామూలు. వాటి మీద కూర్చోకండి, ఫొటో తీయాలంటే అడగండి. హోటల్ విందా, ఇదా అని ఎవరైనా అడిగితే పెద్దవాళ్ళతో వచ్చినవారికి నేను ఇదే చెబుతాను.

తిరిగి బసకు చేరడం

ఈ దీవిలో రాత్రిపూట నిజమైన ప్రమాదం రోడ్డు మీదే ఉంది. దొంగల భయం కన్నా చీకటి, వాన, స్కూటర్ల భయం ఎక్కువ. వీధి దీపాలు తక్కువ. కుక్కలు స్వేచ్ఛగా తిరుగుతాయి, నేలపీతలు రోడ్డు దాటుతుంటాయి. మద్యం ఒక్క గుక్క తాగినా స్కూటరు ముట్టకండి. తాగకపోయినా, రోజూ నడిపే అలవాటు లేనివాళ్ళు చీకటి పడ్డాక నడపకపోవడమే క్షేమం. హెల్మెట్ తీసేయకండి.

బస్సు లెక్క చాలా తేలిక. ఒకటే రోడ్డు, రెండే బస్సులు: ఒకటి గడియారపు ముల్లు తిరిగే దిక్కున, రెండోది దానికి ఎదురుగా. మొదటిదాన్ని ప్రదక్షిణం అనుకోండి. కొండ కుడిచేతి వైపు, సముద్రం ఎడమచేతి వైపు. వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి ప్రదక్షిణ బస్సు ఎక్కాలంటే సముద్రం వైపు, ఎదురు బస్సు ఎక్కాలంటే కొండ వైపు నిలబడాలి. అవారువాలో కుక్స్ కార్నర్ నుంచి మూరికి ప్రదక్షిణ బస్సుది దగ్గరి దారి. మూరి నుంచి పట్టణానికి ఎదురు బస్సుది దగ్గరి దారి. అది లేని వేళలో మొదటిదాన్నే ఎక్కి పడమటి ఒడ్డంతా చూస్తూ రావచ్చు. బస్సును చేయెత్తి ఆపాలి. రాత్రి ఆఖరు బస్సు వేళ వారాన్ని బట్టి మారుతుంది; పొద్దునే అడిగి పెట్టుకోండి. ఐలండ్ నైట్‌కు డబ్బు కట్టేటప్పుడే తీసుకెళ్ళి, తిరిగి దింపే ఏర్పాటు కూడా అడగండి.

కుక్కలు వెంటపడినట్టు వచ్చినా పరిగెత్తకండి. చాలావరకు అవి తోడుగా నడిచి బస గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోతాయి.

ఆదివారం ఎందుకు వేరు

1823లో క్రైస్తవ మతం ఈ దీవికి వచ్చింది. ఆదివారం ఆరాధన దినం. అందుకే శనివారం అర్ధరాత్రికే బార్లు మూతపడతాయి. దాన్ని అడ్డంకి అనుకోకండి. శనివారం తొందరగా పడుకుని, ఆదివారం ఉదయం అవారువాలో 1853లో కట్టిన తెల్లటి రాతి చర్చికి వెళ్ళండి. మతం ఏదైనా రానిస్తారు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. అక్కడ ఇమెనే టుకి అనే పాట వినాలి: వాద్యాలేవీ లేకుండా, స్త్రీలు ఎత్తుగొంతుతో అందుకుంటే పురుషులు కింది స్థాయిలో హుంకారంలా తాళం వేస్తారు. వారమంతా విన్న సంగీతంలో నాకు ఒళ్ళు గగుర్పొడిచింది దానికే. సాయంత్రానికి మళ్ళీ మూరి సంత ఉండనే ఉంది.

ఏమీ లేని రాత్రి

ఒక్క సాయంత్రం ఏ కార్యక్రమం లేకుండా ఉంచుకోండి. లగూన్ ప్రశాంతంగా ఉంటే అడుగున దీపాలు బిగించిన పలకల మీద నిలబడి తెడ్డు వేస్తూ తిరిగే రాత్రి యాత్రలు మూరిలో ఉన్నాయి. కింద నీళ్ళలో చేపలు కనిపిస్తాయి. ఈత రానివాళ్ళు ముందే చెప్పి, లైఫ్ జాకెట్ అడిగి తీసుకోవాలి.

అదీ వద్దనుకుంటే చాప తీసుకుని తీరానికి వెళ్ళండి. జూన్ నుంచి ఆగస్టు వరకు రాత్రి కొంచెం చలి. పెద్దవాళ్ళకు శాలువా ఉండాలి. టార్చి ఆర్పేసి, ఫోను సంచిలో పెట్టి పావుగంట ఆగితే కళ్ళు చీకటికి అలవాటు పడతాయి. జులైలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో వృశ్చిక రాశి దాదాపు నడినెత్తిన ఉంటుంది. మన ఊళ్ళో దక్షిణాన కిందికి వాలి కనిపించేది ఇక్కడ తల పైకెత్తి చూడాలి. ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. తోక చివర మూల. ఆ తోక వంపును పాలినీషియా జనం మావుయి అనే వీరుడి గాలం అంటారు, సముద్రం అడుగు నుంచి దీవులను పైకి లాగిన గాలం. డిసెంబరులో వెళ్తే ఉత్తరాన కృత్తికలు కనిపిస్తాయి. వాటికి అక్కడి పేరు మాటారికి. మా అమ్మ మాకు మూల నక్షత్రాన్ని వేలితో చూపిస్తుంటే, పక్క చాప మీద కూర్చున్న స్థానిక పెద్దాయన అదే తోకను గాలంగా తన మనవడికి చూపిస్తున్నాడు. కాసేపటికి ఆయన మా వైపు తిరిగి, మీరు దాన్ని ఏమంటారని అడిగాడు.